గుడి వెనక గది తాళం గురించి మన సంఘ పెద్దలకు బహిరంగ లేఖ

అయ్యగారికి, అమ్మగారికి, సంఘ పెద్దలకు, స్త్రీల మైత్రి అత్తలకు, అక్కలకు, యూత్ తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు వందనాలు.

పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక మీరు నాకు శాలువా కప్పి దండ వేశారు. గేటు దగ్గర ఫ్లెక్సీ కూడా కట్టారు. దానిమీద నా ఫొటో పక్కన ఈఫిల్ టవర్, కింద 'ఐరోపా ఖండమున మిషనరీ సేవ ముగించుకొని విచ్చేసిన మన సంఘపు ముద్దుబిడ్డ' అని పెద్దక్షరాలు. ఈఫిల్ టవర్‌ని నేను దూరం నుంచి కూడా చూడలేదు. ప్యారిస్‌లో నేను చూసిందల్లా విమానాశ్రయం, అక్కడే ఉన్న రైల్వే స్టేషన్. మిషనరీ సేవ కూడా చేయలేదు. అందుకే సాక్ష్యం చెప్పమని మైకు చేతికిస్తే నాలుగు ముక్కలు చెప్పి కూర్చున్నాను. కీబోర్డు తమ్ముడు వెనక నుంచి మెల్లగా వాయిస్తూ ఎదురుచూశాడు పాపం, నేను కన్నీళ్ళు పెట్టుకుంటానేమోనని.

ఆ సాయంత్రమే అమ్మ చెవిన పడింది. 'మూడు నెలలు ఫారిన్‌లో ఉండొచ్చేసరికి పిల్లకి పొగరెక్కింది, సంఘానికి ఒక్క మాట చెప్పలేకపోయింది' అన్నారట. ఎవరన్నారో నాకు తెలుసు, నాకు కోపం లేదు. ఆరోజు చెప్పాల్సిందే ఇప్పుడు రాస్తున్నాను. ఇందులో ఒక సంగతి, గుడి వెనక మరుగుదొడ్డికి వేసి ఉంచిన తాళం గురించి, ముగ్గురు పెద్దల దగ్గర విడివిడిగా ఎత్తాను. ముగ్గురూ 'చూద్దాం లేమ్మా' అన్నారు. అందుకని అందరూ చదివేలా రాయాల్సి వచ్చింది. పెద్దల మీదికి జనాన్ని ఎగదోయడానికి మాత్రం కాదు.

ముందు లెక్క. వెళ్ళేముందు సంఘం కానుక పట్టి నాకు 15,000 రూపాయలు ఇచ్చింది. వీసా రుసుము 90 యూరోలు, హైదరాబాద్ వీసా కేంద్రానికి రెండుసార్లు రానుపోను, ప్రయాణ బీమా. అక్కడికి మీరిచ్చింది సరిపోయింది, ఇంకా కొంచెం నేనే వేసుకున్నాను. విమానం టికెట్టు నా ట్యూషన్ డబ్బులు. అక్కడ తిండికీ పడకకీ పైసా తీసుకోలేదు, జీతమూ ఇవ్వలేదు. 'ఎంత ముట్టిందేంటి?' అని బస్సులో పక్కన కూర్చుని మరీ అడిగిన బాబాయ్‌లకు కూడా ఇదే జవాబు.

నేనున్న ఊరి పేరు తైజే. ఫ్రాన్స్‌లో బుర్గుండీ అనే ప్రాంతంలో, క్లూనీ అనే పాత పట్నానికి పది కిలోమీటర్ల దూరంలో ఉన్న గుట్ట మీది పల్లె. ద్రాక్షతోటలు, తెల్ల ఆవులు, రాతి ఇళ్ళు. 1940లో యుద్ధం నడుస్తుండగా రోజే అనే స్విట్జర్లాండ్ యువకుడు పాతికేళ్ళ వయసులో అక్కడికొచ్చి ఒక ఇల్లు కొన్నాడు. ప్రాణభయంతో పారిపోయి వచ్చినవాళ్ళను ఆ ఇంట్లో దాచిపెట్టాడు, వాళ్ళలో యూదులూ ఉన్నారు. యుద్ధం అయ్యాక అదే చుట్టుపక్కల బందీలుగా ఉన్న జర్మన్ సైనికుల్ని ఆదివారాలు పిలిచి ఉన్నంతలో భోజనం పెట్టాడు. నిన్న ఆ జర్మన్ల నుంచే మనుషుల్ని దాచినవాడు! ఆ ఇల్లే ఇప్పుడు మఠం అయింది. ప్రొటెస్టెంట్లు, కాథలిక్కులు కలిసి బతికే మఠం. సుమారు ముప్పై దేశాలకు చెందిన బ్రదర్లు ఉంటారు. మన దగ్గర బ్రదర్ అంటే మైకు పట్టుకునేవాడు. అక్కడ బ్రదర్ అంటే ప్రార్థన వేళకి తెల్ల అంగీ తొడుక్కుని వచ్చి, మన మధ్యే నేల మీద, వెనక్కి తిరక్కుండా మౌనంగా మోకరించేవాడు. ప్రసంగ వేదికే లేదు ఆ గుడిలో.

నేల మీద అంటే నిజంగా నేల మీదే. మనం చాపలు పరుచుకున్నట్టు. ఆ మొదటి సాయంత్రం వేలమంది ఆ నేల మీద కూర్చుని ఉంటే, మన గుడి తాటాకు పాకగా ఉన్నప్పటి సంగతులు తాతయ్య చెప్పేవి గుర్తొచ్చాయి. ఆడా మగా అటూ ఇటూ అన్న గీత మాత్రం అక్కడ లేదు. రోజుకు మూడు పూటలు గంటలు మోగుతాయి. ఒక్క గంట టింగుమని ఆగిపోవడం కాదు, ఎక్కడున్నవాళ్ళైనా చేతిలో పని వదిలి నడిచి వచ్చేదాకా మోగుతూనే ఉంటాయి. ఒక చిన్న పల్లవి పట్టుకుని పాడిందే పాడతారు, పదిసార్లు, ఇరవైసార్లు. మన భజన కూడికల్లో ముసలమ్మలు కళ్ళు మూసుకుని పల్లవి వదలకుండా పాడుతుంటే కుర్రాళ్ళం నవ్వుకునేవాళ్ళం కదా. దాని రుచి నాకు అంత దూరం వెళ్ళాక తెలిసింది. మధ్యలో దాదాపు పది నిమిషాలు మౌనం. మొదటి వారం ఆ పది నిమిషాలూ నాకు అన్నం గురించే ఆలోచన.

తిండి సంగతి సండే స్కూల్ పిల్లలు అడిగారు కాబట్టి చెబుతాను. పొద్దున రొట్టె, వెన్న, వేలంత చాక్లెట్ ముక్క. టీ కప్పులో కాదు, పిడి లేని గిన్నెలో. మూడు పూటలా ఏది తినాలన్నా ఒక్కటే చెంచా. నేను పట్టుకెళ్ళిన ఆవకాయ సీసా పదో రోజుకి ఖాళీ. పోలండ్ అమ్మాయి ఒకతి దాన్ని రొట్టె మీద జామ్ లాగా రాసుకుని తినేసి, కళ్ళనీళ్ళతో ఇంకా కావాలంది.

ఇక నేను చేసిన పని. ఎండాకాలంలో వారానికి వేలమంది కుర్రాళ్ళు ఆదివారం వచ్చి మళ్ళీ ఆదివారం వెళ్తారు. వాళ్ళకి వండటం, వడ్డించటం, అంట్లు తోమటం, గుడారాలు సర్దటం, మరుగుదొడ్లు కడగటం అన్నీ వచ్చినవాళ్ళే పంచుకుంటారు. మాలాగా నెలల తరబడి ఉండే వాలంటీర్లు ఆ పని ముందుండి నడిపించాలి. నేను గంగాళాలు తోమాను. చీటీలు రాశాను. అన్నిటికంటే ఎక్కువగా మరుగుదొడ్లు కడిగాను. ఫ్లెక్సీ మీద రాయాల్సింది అది.

మొదటి సోమవారం ఆ పనికి ఎవరొస్తారని అడిగితే చుట్టూ చేతులు లేచాయి. జర్మనీ నుంచి వచ్చిన ఒక పరిశోధక విద్యార్థి, పోర్చుగల్ నుంచి ఇద్దరు అక్కచెల్లెళ్ళు, ఇంకా ఎవరెవరో. పాటలు పాడుకుంటూ బకెట్లు పట్టుకుని పోయారు. నా చెయ్యి లేవలేదు. మా నానమ్మ కళ్ళముందు నిలబడింది. ఆవిడ ఏ ఆసామి దొడ్లో పేడ ఎత్తి, ఎవరి వాకిలి ఊడ్చి మా నాన్నని పెంచిందో మీలో పెద్దవాళ్ళకు తెలుసు. నాకు డిగ్రీ కాగితం వచ్చినరోజు 'ఇంక ఈ ఇంటి ఆడపిల్ల ఇంకొకళ్ళ చీపురు ముట్టదు' అంది. అలాంటిది సముద్రాలు దాటి వచ్చి వేరేవాళ్ళ దొడ్లు కడగనా?

ఆ పిల్లలకి అది వినయం నేర్చుకునే పని. పైనున్నవాడు ఒక మెట్టు దిగితే వినయం అంటారు. తరతరాలుగా కింది మెట్టు మీదే నిలబెట్టిన ఇంటి పిల్ల ఎక్కడికి దిగాలి? రాత్రి పడుకునే చోట ఏడ్చాను. అక్కడ ఆడపిల్లల మంచిచెడ్డలు చూసుకునే కాథలిక్ సిస్టర్లు ఉంటారు. ఒకావిడకి వచ్చీరాని ఇంగ్లీషులో ఇదంతా చెప్పాను. ఆవిడ వాక్యం ఎత్తలేదు, ప్రభువు శిష్యుల కాళ్ళు కడిగిన కథ చెప్పలేదు. చెప్పి ఉంటే మళ్ళీ ఆవిడ మొహం చూసేదాన్ని కాదు. పూర్తిగా విని, 'ఆ పని నీకు వద్దు' అని మరుసటి వారం నన్ను వచ్చినవాళ్ళకి చీటీలు రాసే బల్ల దగ్గర కూర్చోబెట్టింది.

మూడో వారం నేనే అడిగి మరుగుదొడ్లకి వెళ్ళాను. మనసు మారింది, పరిశుద్ధాత్మ తాకింది అని చెప్పను. ఆ బల్ల దగ్గర కూర్చుని రెండు సంగతులు చూశాను, అంతే. ఒకటి, నేను ఎవరి కూతుర్నో అక్కడ ఎవరికీ తెలియదు, తెలుసుకోవాలని ఎవరూ అడగలేదు. రెండు, మధ్యాహ్నం గంట మోగగానే బకెట్లు పక్కన పెట్టి, చేతులు కడుక్కుని అందరూ అదే నేల మీద కూర్చుంటున్నారు. పోయిన వారం దొడ్లు కడిగినవాడు ఈ వారం వాక్యం చదువుతున్నాడు. పని మనిషికి అంటుకోవడం లేదు, గంట మోగగానే రాలిపోతోంది. మన ఊళ్ళో అలా రాలిపోగా నేను చూడలేదు. ఒకరోజు మధ్యాహ్న ప్రార్థనలో నన్నూ ఒక వచనం తెలుగులో చదవమన్నారు. చదివాను. అంతమందిలో ఒక్కరికీ అర్థం కాని నా భాష కోసం అందరూ నిశ్శబ్దంగా ఆగారు.

ఇప్పుడు మన ఊరికి వస్తాను.

వచ్చిన రెండోరోజు శనివారం. నిద్ర పట్టలేదు. అక్కడి రాత్రి ఇంకా ఒంట్లోనే ఉంది. తెల్లారగట్ల గుడి వైపు నడిచాను. మన గుడికి జీతం మీద పనిచేసే పెద్దమ్మ ఆవరణ ఊడుస్తోంది. ఆవిడ ఏ పల్లె నుంచి వస్తుందో రాయక్కర్లేదు, మనందరికీ తెలుసు. మా పల్లె వాళ్ళం ముందు బాప్తిస్మం తీసుకున్నాం, ముందు మిషన్ బడికి వెళ్ళాం, ముందు కుర్చీల్లో కూర్చున్నాం. పక్క పల్లె వెనక వచ్చింది. చీపురు వాళ్ళకి అప్పజెప్పాం. క్రైస్తవులైతే ఎస్సీ కాదు పొమ్మని 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మనల్ని పక్కన పెట్టిందని ప్రతి మీటింగులో బాధపడతాం. ఆ బాధ న్యాయమైనదే, నా సర్టిఫికెట్ మీదా క్రైస్తవులైన ఎస్సీలకి ఇచ్చే బీసీ-సీ అనే ఉంది. కానీ చీపురు ఏ ఇంటికి వెళ్ళాలో మనకి ఏ ఉత్తర్వూ చెప్పలేదు. మనమే నిర్ణయించుకున్నాం.

'ఇటివ్వు పెద్దమ్మా, ఈ పక్క నేను ఊడుస్తా' అన్నాను. ఆవిడ చీపురు గట్టిగా పట్టుకుంది. నేను మొహమాటం అనుకుని లాగాను. అప్పుడు అంది: 'వద్దమ్మా తల్లీ. నువ్వు సేవ అని ఊరకే ఊడిస్తే, రేపు పెద్దలు నాకెందుకు డబ్బులిస్తారు?'

తైజేలో మూడు నెలలు నేర్చుకున్నది ఆ ఒక్క మాటతో తలకిందులైంది. ఊరికే చేసే సేవ ఒకరి కూలి మింగేయగలదని నాకు తోచనే లేదు. పెద్దమ్మకి నెలకి మనమిచ్చేది 1,500. నాకు కప్పిన శాలువా, దండ, ఫ్లెక్సీ, ఆరోజు బిర్యానీ పొట్లాలు కలిపితే ఆవిడకి ఎన్ని నెలల జీతమో కోశాధికారి బాబాయ్ కూడి చూడొచ్చు. నేను మూడు నెలలు కడిగితే సేవ, ఆవిడ ఇరవై ఏళ్ళు ఊడిస్తే పని. ఆవిడని ఒక్కసారైనా ముందుకి పిలిచి పేరు పెట్టి స్తోత్రం చెప్పామా?

కంగారుపడి చీపురు వదిలేసి, ముఖం కడుక్కుందామని గుడి వెనక్కి వెళ్ళాను. అక్కడ తాళం.

రెండేళ్ళ కిందట స్త్రీల మైత్రి అత్తలు ఇల్లిల్లూ తిరిగి, పచ్చళ్ళు పెట్టి అమ్మి, ఆ మరుగుదొడ్డి కట్టించారు. టైల్స్ వేయించారు. ప్రారంభానికి రిబ్బన్ కత్తిరించాం. ఆ రోజు నుంచి తాళమే. అడిగితే 'తెరిస్తే పాడుచేస్తారమ్మా, కడిగేదెవరు?' అంటారు. పై నుంచి పెద్దలు వచ్చినరోజు తెరుస్తారు, వాళ్ళు కారెక్కగానే మళ్ళీ వేస్తారు. క్రిస్మస్ ముందురోజు రాత్రి ఆరాధనకి ఆడవాళ్ళు సాయంత్రం నుంచే నీళ్ళు తాగడం మానేసి వస్తారు. షుగర్ ఉన్న ముసలమ్మలు మధ్యలో లేచి కాలవగట్టుకి వెళ్తారు, తోడుగా ఒక మనవరాలు, చేతిలో సెల్‌ఫోన్ లైటు. చిన్నప్పుడు మా నానమ్మకి తోడు వెళ్ళిన మనవరాల్ని నేనే. అప్పుడంటే మరుగుదొడ్డి లేదు. ఇప్పుడు ఉండీ వెళ్తున్నారు.

'కడిగేదెవరు' అన్నది అసలు ప్రశ్న. దానికి మన దగ్గర జవాబు సిద్ధంగా ఉంది, పెద్దమ్మ. ఆ జీతానికే ఇదీ కడగమంటే ఆవిడ కాదనలేదు. ఆ జవాబు కూడదనే నేను ఇంత రాస్తున్నాను.

ఇంకో సంగతి కూడా తేల్చుకోవాలి. సన్మానం అయిన సాయంత్రం కమిటీ నుంచి ఇద్దరు మా ఇంటికొచ్చి, అక్కడి బ్రదర్ల అడ్రసులు రాసిమ్మన్నారు. ప్రహరీగోడకి, పైకప్పుకి సాయం అడుగుదామని. అన్నయ్యా, వాళ్ళు తమ కోసం ఎవరి దగ్గరా విరాళం తీసుకోరు. తల్లిదండ్రుల ఆస్తి వాటాకొచ్చినా ఉంచుకోరు, పేదలకి ఇచ్చేస్తారు. కుండలు, గిన్నెలు చేసి, పుస్తకాలు అచ్చేసి, వాటిమీద వచ్చిందాంతో బతుకుతారు. నేను టీ తాగినటువంటి గిన్నెలు అమ్ముకునేవాళ్ళని గోడ కట్టించమని ఏ మొహంతో అడగను? పోనీ ఎవరో ఇస్తారనే అనుకుందాం. విదేశీ విరాళం పుచ్చుకోవాలంటే విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. 2020లో చట్టం సవరించాక ఆ డబ్బు ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాకే రావాలి. మన సంఘానికి సొంతంగా అవేవీ లేవు. ఎవరి ఖాతాలోనో వేయించుకుందామనుకుంటే అది నేరం.

చట్టం మాట పక్కన పెట్టినా నాకు బాధేసింది. నేను వెళ్ళొచ్చింది దొరల అడ్రసుల కోసమా? దోర్నకల్ అజరయ్య బిషప్ గారి ఫొటో మన వెస్ట్రీ గదిలో ఉంది. తిరునెల్వేలి వైపు తమిళాయన, మన తెలుగువాళ్ళ మధ్యకి మిషనరీగా వచ్చి, 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయ్యాడు. అంతకు రెండేళ్ళ ముందు, 1910లో, ఎడిన్‌బరోలో మిషనరీల మహాసభలో నిలబడి దొరల ఎదుటే చెప్పాడు. మీరు ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, మాకు ప్రేమ కూడా కావాలి, స్నేహితుల్ని ఇవ్వండి అని. నాకు అక్కడ స్నేహితులు దొరికారు. పోర్చుగల్ చెల్లెలు నిన్న కూడా మెసేజ్ పెట్టింది, ఇంటికెళ్ళాక నిద్ర పడుతోందా అని. వాళ్ళ నంబర్లు ఇవ్వను, క్షమించండి. గోడ కావాలంటే పాత దారి ఉంది. మన అమ్మమ్మలు పొయ్యి మీద ఎసరు పెట్టేముందు పిడికెడు బియ్యం తీసి గుడి కుండలో వేసేవాళ్ళు. వాళ్ళకి రెండు పూటలా అన్నం లేనిరోజుల్లో.

నేను అక్కడిలా ఇక్కడా ఉండాలని అడగడం లేదు. కీబోర్డు ఆపమనను. నిజం చెప్పాలంటే ఆ మూడు నెలల్లో మన డప్పు కోసం, గుండెల మీద మోగే తాళాల కోసం మొహం వాచిపోయాను. పొద్దున అయిదింటికే గోపురం మీది మైకు పెట్టడం గురించి మాత్రం పరీక్షలున్న పిల్లల తరఫున ఒకసారి ఆలోచించండి. అది వేరే ఉత్తరం.

నేను అడిగేది ఇంతే. ఆ గదికి తాళం తీయండి. ఆదివారం, కూడిక రోజు, పెళ్ళి రోజు, ఎప్పుడు గుడి తలుపు తెరిస్తే అప్పుడు అదీ తెరవండి. కడగటానికి ఇంటింటికీ వంతులు వేద్దాం. రెండు పల్లెల ఇళ్ళూ ఒకే చీటీ మీద, కమిటీ ఇళ్ళు కూడా కలిపి. మగవాళ్ళు కూడా రావాలి. అయ్యగారూ, మీ వంతు కూడా ఉంటుంది, కోపం తెచ్చుకోవద్దు. పెద్దమ్మ వంతు వేయొద్దు, ఆవిడ ఆవరణ పని ఆవిడకే ఉంచి, జీతం మూడు వేలు చేయండి. వంతులు వచ్చాయి కదా అని ఆవిడని మాన్పిస్తే మాత్రం ఆ వంతుల్లో నేనుండను.

ఎవరైనా 'మా నాన్న చేసిన పని మళ్ళీ నా చేత చేయిస్తావా' అని అడిగితే నా దగ్గర గట్టి జవాబు లేదు. నేనూ ఏడ్చినదాన్నే. రెండు వారాలు ఆగి రమ్మంటాను. రాకపోయినా పర్లేదు, కానీ వాళ్ళ వంతు పక్క పల్లెవాళ్ళకి తోయకూడదు.

కోశాధికారి బాబాయ్, తాళంచెవి మీ ఇంట్లో దేవుని మాట క్యాలెండర్ పక్కన మేకుకి వేలాడుతోంది. సంక్రాంతికి అరిసెలివ్వడానికి వచ్చినప్పుడు చూశాను. వచ్చే శనివారం సాయంత్రం నాలుగింటికి బకెట్టు, ఫినాయిల్, రెండు బ్రష్షులు తీసుకుని గుడి వెనక ఉంటాను. అమ్మ కూడా వస్తానంది. మా పక్కింటి తమ్ముడు చేతిపంపు కొడతానన్నాడు. మీకు వీలుకాకపోతే చెవి పాపతో పంపించండి.

ఇట్లు,
మీ సంఘ సభ్యురాలు